మైలు మీటరు మీద 38,412

ఆ అంకె నాకు పద్నాలుగేళ్ళ తొమ్మిది నెలలు కంఠతా ఉంది. 1959 జూన్ నెల రెండో ఆదివారం పొద్దున ఎనికేపాడు దాటాక, మా కారు ఇంజన్‌లో ఎవరో కూర్చుని సుత్తితో కొడుతున్నట్టు చప్పుడైంది. బండి రోడ్డు పక్కకు వెళ్ళి ఆగిపోయింది. అప్పుడు మైలు మీటరు చూపిస్తున్న అంకె ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల పన్నెండు. పక్క సీట్లో కూర్చుని నేనే దాన్ని నోటుపుస్తకంలో రాశాను. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. గన్నవరంలో విమానం చూపిస్తానని నాన్న తీసుకెళ్తున్నారు. విమానం చూడలేదు. కారు వెనక చక్రాలను రెండెద్దుల బండి మీదికెత్తి తాళ్ళతో కట్టి మంగళగిరి లాక్కొచ్చాం. సాయంత్రం అయిదయింది.

అది 1947లో ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పైకప్పు గుడ్డది. చక్రాలకు సైకిలుకు ఉన్నట్టు స్పోకులు. పొడవు పదకొండు అడుగుల ఏడున్నర అంగుళాలు, వెడల్పు నాలుగు అడుగుల ఎనిమిది అంగుళాలు. పొడవు పన్నెండు అడుగులని నాన్న అందరికీ చెప్పేవారు. అది తప్పు. గుంటూరు పొగాకు కంపెనీలో పనిచేసిన ఒక దొర తన దేశానికి వెళ్ళిపోతూ 1953లో నాన్నకు అమ్మాడు. మాది మంగళగిరి చేనేత బట్టల వ్యాపారం. ఇల్లూ గోడౌనూ మంగళగిరిలో, కొట్టు బెజవాడ వన్‌టౌన్‌లో. చీరల మూటలు వేయడానికి చోటులేని ఆ కారు వ్యాపారస్తుడికి ఎందుకని ఊరంతా అడిగింది. నాన్న మాత్రం ఆదివారం ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పేవారు. బయలుదేరేటప్పుడు ఆయన మీటరు చదివేవారు, నేను రాసేదాన్ని. తిరిగొచ్చాక మళ్ళీ చదివేవారు, నేను తీసివేత చేసి ఎన్ని మైళ్ళో చెప్పేదాన్ని. ఆ తీసివేతల్లో ఒక్కటీ తప్పలేదు.

బండి ఆగిపోయాక నాన్న దాన్ని గోడౌన్‌లో ఇటుకల మీద నిలబెట్టి పాత దుప్పటి కప్పారు. మళ్ళీ దాని మాటెత్తలేదు. తనను నడిరోడ్డు మీద నిలబెట్టిన మనిషిని క్షమించనట్టే కారునూ క్షమించలేదు.

1973 జనవరిలో ప్రత్యేక రాష్ట్ర ఆందోళన మూలంగా బడులు మూసేశారు. అప్పటికి నేను బెజవాడలో ఆడపిల్లల హైస్కూలు లెక్కల టీచరును. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక గోడౌన్‌లో సరుకు లెక్క రాస్తానని వెళ్ళి, మూడో రోజున దుప్పటి తీశాను. టైర్లు పిండి పిండిగా రాలిపోయాయి. సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. తలుపుల లోపలి చెక్క చేత్తో నలిపితే పొడి అవుతోంది. అద్దం మీద దుమ్ము తుడిస్తే మీటరులో ఆ అంకె అలాగే ఉంది. దాని పక్కన ఇంకో అంకె రావాలనిపించింది. అంతకుమించి నాకు కారణమేమీ లేదు.

నా ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. మొదట దొరికినవారు ఫోర్‌మన్ గారు. రైల్వే లోకో షెడ్డులో ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆయన మనవరాలు మా బడిలో చదివేది. "ఇంగ్లండు ఇంజనుందటగా మీ ఇంట్లో, ఒక్కసారి చూడొచ్చా టీచరమ్మా?" అంటూ అన్నం క్యారియరుతో బస్సు దిగారు. ఆ రోజు నుంచి ఆదివారాలు తప్ప, అంటే చర్చి ఉన్న రోజు తప్ప, వారానికి మూడు రోజులు వచ్చేవారు. ఆయన ద్వారా ఆటోనగర్‌లో లేతు మిషను నడిపే మేస్త్రి వచ్చాడు. మూడో వారు బందరు డాక్టరు గారు. ఆయనకు మా కారు లాంటిదే మరొకటి ఉంది, రెండేళ్ళు చిన్నది, నడుస్తోంది కూడా. కంపెనీ వాళ్ళు అచ్చువేసిన పుస్తకం ఆయన దగ్గర ఉండేది, కానీ మధ్యలో ఇరవై నాలుగు పేజీలు చెదలు తినేశాయి. మాకు కావలసినవి సరిగ్గా అవే.

ఎవరూ కూలి అడగలేదు, నేను ఇస్తాననలేదు. డాక్టరు గారు బందరు నుంచి పడవలు కట్టే వడ్రంగిని తెచ్చి తలుపుల చెక్కంతా కొత్తగా చేయించారు. మా వీధి నేతగాళ్ళు రెండు పేటల నూలుతో మందపాటి గుడ్డ నేసి పైకప్పు కుట్టించారు. నాలుగు చక్రాల స్పోకులూ నేనే విప్పి, తోమి, బిగించాను. విప్పిన ప్రతి బోల్టునూ, ప్రతి వాషరునూ చిన్న గుడ్డ సంచిలో వేసి, ఎక్కడి నుంచి తీసిందీ ఏ తేదీన తీసిందీ చీటీ కట్టాను. మొత్తం నూట డెబ్భై మూడు సంచులు. మేస్త్రి వాటిని చూసి నవ్వేవాడు.

"ఏంటి టీచర్ గారండీ, తుప్పు బోల్టుకి కూడా హాజరు వేస్తారా?"

"వేస్తాను. నీకూ వేస్తాను. పోయిన వారం రెండు రోజులు రాలేదు."

దసరా నాటికి బండి బండిలా కనబడసాగింది, కానీ ఇంజన్ ఇంకా బల్ల మీద ముక్కలుగా ఉంది. పండగ మర్నాడు నాన్న గోడౌన్ గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మాయ్, ఆ బండి జాగాలో అరవై బేళ్ళు పడతాయి."

"యాభై రెండు నాన్నా. కొలిచాను."

"సరే, యాభై రెండు. ఆ యాభై రెండూ వరండాలో తడుస్తున్నాయి. ఆటోనగర్ పాత ఇనుమాయనకి మాటిచ్చేశాను. మార్చి ముప్పై ఒకటి దాకా టైము. ఆ రోజుకి ఆ బండి తనంతట తను వన్‌టౌన్ కొట్టు దాకా వచ్చిందా, నీది. దార్లో ఎవరైనా ఒక్క తోపు తోశారా, ఆయనది."

లోపల్నుంచి అమ్మ అందుకుంది. "బాగుందండీ! కారుకి కూడా సంబంధం కుదిరింది. దీనికే కుదరట్లేదు."

నాన్న మాటంటే మాటే. బట్టల వ్యాపారంలో ఆయన నోటిమాటకు కాగితం అడిగినవారు లేరు. ఆ మాట ఇప్పుడు ఇంకొకరి చేతిలో ఉంది.

ఆ సుత్తి చప్పుడుకు కారణమైన అరిగిన బేరింగులకు ఫోర్‌మన్ గారు కొత్త పోత పోశాక, 1974 ఫిబ్రవరి పదో తేదీకి ఇంజన్ బండిలో కూర్చుంది. పదకొండున స్టార్ట్ చేశాం. ఫోర్‌మన్ గారు హ్యాండిల్ తిప్పగా నాలుగోసారికి అంటుకుంది. గోడౌనంతా పొగ. మేస్త్రి ఈల వేశాడు, డాక్టరు గారు నాతో చేతులు కలిపారు. మూడు నిమిషాలకు నేల మీద ఆయిల్ మడుగు కట్టింది.

ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి ఉంటుంది. దాన్ని పైనున్న దిమ్మెకు పద్దెనిమిది బోల్టులు పట్టి ఉంచుతాయి. పాతవి విప్పేటప్పుడు తుప్పుకు చాలామటుకు విరిగిపోయాయి. ఫోర్‌మన్ గారు తన పెట్టెలో ఏళ్ళుగా దాచుకున్న ఇంగ్లండు బోల్టులు తెచ్చి వేశారు. లావు సరిపోయింది. ఆయన స్పానర్లు పాత బోల్టుల తలలకు అతికినట్టు సరిపోయాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఒక్కటే ఇబ్బంది. ప్రతి బోల్టూ రెండు చుట్లు సులువుగా వెళ్ళి మూడో చుట్టులో మొరాయించేది.

"తుప్పమ్మా, తుప్పు. పద్నాలుగేళ్ళు పడుకున్న ఇనుము," అన్నారాయన. బాగా మొరాయించిన నాలుగు రంధ్రాల్లో మర కోసే తన ట్యాప్ దింపి, బోల్టును పట్టి ఉంచే లోపలి మర గాడులను మళ్ళీ కోశారు. మిగతావి బలంగా బిగించారు. కారినవి మొదట ఆ నాలుగే.

విప్పాం, శుభ్రం చేశాం, తొట్టికీ దిమ్మెకూ మధ్య కొత్త కార్కు పట్టీ వేశాం, బిగించాం. మళ్ళీ కారింది. నేను ఇంజన్ కింద తెల్ల గుడ్డ పరిచి పావుగంట లెక్కపెట్టాను. నలభై మూడు చుక్కలు. మర్నాడు యాభై ఒకటి. ఆ మర్నాడు రెండు బోల్టులు వాటంతటవే ఊడి గుడ్డ మీద పడ్డాయి. ఇంజన్ దిమ్మె అరిగిపోయిందనీ, ఇంకో ఇంజన్ దొరికితే తప్ప లాభం లేదనీ ఫోర్‌మన్ గారు తేల్చేశారు. డాక్టరు గారు మద్రాసుకు ఉత్తరాలు రాశారు. ఎక్కడా లేదన్నారు. మార్చి ఎనిమిదో తేదీ వచ్చింది. పాత ఇనుమాయన ఒకసారి వచ్చి, బండి చుట్టూ తిరిగి, పైకప్పు గుడ్డ పట్టుకుని చూసి, "ఇది విప్పి ఉంచండమ్మా, మాకు ఇనుము చాలు," అని వెళ్ళాడు. 

మర్నాడు శనివారం. నా సంచులన్నీ నేల మీద పరిచి, తొట్టి బోల్టుల చీటీ ఉన్నది వెతికాను. విరగకుండా బయటికొచ్చిన పాత బోల్టు ఒక్కటుంది. దాన్ని కిరసనాయిలుతో తోమి, ఫోర్‌మన్ గారి బోల్టు పక్కన పెట్టాను. కంటికి రెండూ ఒకటే. కానీ నేను బట్టల ఇంటి పిల్లను. రెండు పంచెలు కంటికి ఒకేలా ఉన్నాయని మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. నేతగాడు బట్ట తెస్తే ముందు చేసేది అంగుళంలో పోగులు లెక్కపెట్టడం. దానికి ఇత్తడి చట్రంలో బిగించిన చిన్న భూతద్దం ఉంటుంది, కింద సరిగ్గా అంగుళం కిటికీ. నాన్న బల్ల సొరుగులోంచి దాన్ని తెచ్చి, బోల్టు మీద పెట్టి, సూది మొనతో ఒక్కొక్క మర చుట్టునూ లెక్కపెట్టాను.

ఫోర్‌మన్ గారి బోల్టుకు అంగుళానికి ఇరవై రెండు. పాత బోల్టుకు ఇరవై అయిదు దాటి, అర కంటే కొంచెం తక్కువ.

అయిదుసార్లు లెక్కపెట్టాను. అయిదుసార్లూ అంతే వచ్చింది. రెండూ ఒకటి కావని మొదటిసారికే తెలిసింది. నన్ను పట్టుకున్నది ఆ మిగులు. అంగుళాల్లో పనిచేసేవాడు అంగుళానికి ఇరవై రెండో, ఇరవై ఆరో అని పూర్తి లెక్క పెట్టుకుంటాడు గానీ అర కంటే కొంచెం తక్కువ అని ఎందుకు పెట్టుకుంటాడు? ఇంజన్ పక్కన రెండు అంగుళాల మర ఉన్న పొడవాటి బోల్టు ఒకటుండేది. దాని మీద లెక్కపెట్టాను. యాభై ఒకటికి పిసరంత తక్కువ.

దేశమంతా గజాలు పోయి మీటర్లు వచ్చిన రోజుల్లో నాకు పదహారు, పదిహేడేళ్ళుంటాయి. కొట్టు గోడకు అతికించే పట్టిక నాన్న నా చేత రాయించారు. గజానికి ఎన్ని సెంటీమీటర్లు, అంగుళానికి ఎన్ని మిల్లీమీటర్లు. నాలుగు కాపీలు రాశాను. అంగుళానికి ఇరవై అయిదు పాయింటు నాలుగు. రెండు అంగుళాలకు యాభై పాయింటు ఎనిమిది.

ఒక్కో చుట్టుకు ఒక్కో మిల్లీమీటరు. ఇంగ్లండు కారులో మిల్లీమీటరు మర!

పంచె సర్దుకుంటూ వచ్చిన నాన్న నా చేతిలో భూతద్దం చూశారు. "అదెందుకు తీశావు?"

"లెక్కపెట్టి చూడండి నాన్నా. ఏమీ చెప్పను."

ఆయన కళ్ళజోడు పైకి తోసి, బోల్టును వెలుగులోకి తిప్పుకుని లెక్కపెట్టారు. బట్టల్లో ఆయన లెక్క మీద పైలెక్క లేదు. "ఇరవై అయిదు, ఇంకా ఓ ముక్క," అన్నారు. బోల్టు నా చేతిలో పెట్టి, "దరిద్రపు మీటరు. ఇక్కడిక్కూడా వచ్చిందా?" అన్నారు. పద్నాలుగేళ్ళలో ఆ కారు గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

ఫోర్‌మన్ గారికి చెప్పడం కష్టమైంది. సోమవారం బోల్టులూ భూతద్దమూ ఆయన ముందు పెట్టాను. మేస్త్రి అక్కడే ఉన్నాడు. ఆయన మూడుసార్లు లెక్కపెట్టారు. తన ట్యాపు చేతిలోకి తీసుకుని, దాని మీద కూడా లెక్కపెట్టారు. తరువాత బెంచీ మీద కూర్చుండిపోయారు.

"ముప్పై ఆరేళ్ళు ఇంచితో బతికాను టీచరమ్మా. ఇంగ్లండోడు మిల్లీమీటరు వాడతాడని ఎవరైనా చెబితే కొట్టేవాణ్ణి. స్పానరు సరిపోయిందిగా! తలేమో ఇంచిది, ఒళ్ళేమో మిల్లీమీటరుది. ఇదెక్కడి మోసం?" అన్నారు. ట్యాపు పక్కన పెట్టి, "ఆ నాలుగు బొక్కలూ నేనే పాడుచేశాను," అన్నారు.

మేస్త్రి అందుకున్నాడు. "మిల్లీమీటరని ముందే చెప్పొచ్చుగా అండీ! ఆటోనగర్లో మా లారీలన్నీ మిల్లీమీటర్లేగా. మీరేమో ఇంగ్లండు, ఇంగ్లండు అని మమ్మల్ని ఇంజన్ దగ్గరికి కూడా రానివ్వలేదాయె."

"నోర్మూసుకో రా."

"మూసుకుంటా సార్. బోల్టులు ఎన్ని కావాలో చెప్పండి."

ఫోర్‌మన్ గారు ముందు నవ్వారు. తరువాత మేమందరం నవ్వాం. ఆ ఇంజన్ కథ డాక్టరు గారికి ఏడాది తరువాత ఇంగ్లండు నుంచి వచ్చిన ఉత్తరంలో తెలిసింది. ఆ ఇంజన్లు చేసిన ఫ్యాక్టరీని ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు అక్కడ పెట్టారట. మరలు కోసే మిషన్లు వాళ్ళవే మిగిలాయట. స్పానర్లు మాత్రం ఇంగ్లీషువాళ్ళ దగ్గర ఉన్నవి కాబట్టి తలలు అంగుళాల్లోనే చేశారట. మాకది ఏడాది ముందు తెలిసి ఉంటే ఆ భూతద్దం సొరుగులోంచి బయటికి వచ్చేది కాదు.

మేస్త్రి పద్దెనిమిదికి బదులు ఇరవై బోల్టులు కోసి తెచ్చాడు, తలలు మాత్రం ఫోర్‌మన్ గారి స్పానరు కొలతకే. పాడైన నాలుగు రంధ్రాలను పెద్దవి చేసి చిన్న గొట్టాల్లాంటి ఉక్కు బుష్షులు దిగ్గొట్టి, వాటిలో మిల్లీమీటరు మర కోశారు. ఆ నాలుగూ ఫోర్‌మన్ గారే చేశారు, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. మార్చి ఇరవై నాలుగున బోల్టులన్నీ వేళ్ళతోనే చివరిదాకా తిరిగాయి. ఆఖరి చుట్టుకు మాత్రమే స్పానరు పట్టుకున్నాం. తెల్ల గుడ్డ మీద పావుగంటకు సున్నా చుక్కలు. గంట ఉంచాను. సున్నా.

మార్చి ముప్పై ఒకటి ఆదివారమైంది. ఫోర్‌మన్ గారు పొద్దున మొదటి ఆరాధనకు వెళ్ళి, బట్టలు కూడా మార్చుకోకుండా తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటుతో తొమ్మిదింటికి మంగళగిరిలో దిగారు. అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఆయన బానెట్ మీద చెయ్యి ఉంచి కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. మేస్త్రి కొత్త టైర్లలో గాలి చూశాడు. స్టీరింగు దగ్గర నేను కూర్చున్నాను. బండి నడపడం ఫోర్‌మన్ గారే రైల్వే మైదానంలో డాక్టరు గారి కారు మీద నేర్పారు, లైసెన్సు జనవరిలో వచ్చింది. పక్క సీట్లో నాన్న. మిగతావాళ్ళు డాక్టరు గారి కారులో ఇరుక్కుని కూర్చున్నారు.

"తోపు లేదు, గుర్తుందిగా," అన్నారు నాన్న.

"మీరు దిగి తోయకపోతే చాలు."

తొమ్మిది ముప్పై అయిదుకు బయలుదేరాం. తాడేపల్లి దాటేదాకా నాన్న రెండు చేతులతో తలుపు పట్టుకున్నారు. సీతానగరం దగ్గర ఎదురుగా గడ్డి బండ్లు వరసగా అయిదు. గేరు తగ్గించి, ఆగి, మళ్ళీ కదిలాను. బ్యారేజీ ఎక్కేచోట ఇంజన్ గొంతు మారింది. నాన్న నావైపు చూశారు. మూడో గేరు వేశాను. గొంతు సర్దుకుంది. బ్యారేజీ మీద గాలికి నాన్న కండువా ఎగిరి మెడకు చుట్టుకుంది. ఒక పక్క గేట్లకు ఆనుకుని నీళ్ళు, ఇంకో పక్క ఇసుక. సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు దిగి నిలబడి చూస్తున్నారు.

పది గంటల మూడు నిమిషాలకు వన్‌టౌన్ కొట్టు ముందు ఆపాను. పాత ఇనుమాయన తాళ్ళు వేసిన రిక్షాబండితో అప్పటికే వచ్చి కూర్చున్నాడు. నేను ఇంజన్ ఆపలేదు. ఫోర్‌మన్ గారు డాక్టరు గారి కారు దిగి, ఆ చర్చి బట్టలతోనే రోడ్డు మీద వెల్లకిలా పడుకుని ఇంజన్ కిందికి జరిగారు. కొట్ల వాళ్ళందరూ మూగారు. రెండు నిమిషాలు బూట్లు తప్ప ఏమీ కనబడలేదు. బయటికొచ్చి, లేచి నిలబడి, రెండు చేతులూ చాచి మెల్లగా ఒక చుట్టు తిరిగారు. వీపుకు దుమ్ము అంటుకుంది. ముందువైపు చొక్కా పొద్దున చర్చికి వేసుకెళ్ళినంత తెల్లగా ఉంది.

"చుక్క లేదు షావుకారు గారూ," అన్నారు.

మేస్త్రి మళ్ళీ ఈల వేశాడు. ఈసారి వీధంతా వేసింది.

నాన్న పాత ఇనుమాయన వైపు తిరిగి, "మాట మాటే. బండి వచ్చేసింది," అన్నారు. అతనేమీ బాధపడలేదు. హారన్ ఒకసారి నొక్కవచ్చా అని అడిగి, రెండుసార్లు నొక్కి వెళ్ళాడు. నేను ఇంజన్ ఆపబోయాను. నాన్న నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆపకు."

"ఇక్కడిదాకానే కదా నాన్నా అన్నారు."

"నేనన్నది సరే. ఆ రోజు మనం ఎక్కడికి బయలుదేరాం? పోనీ."

ఎనికేపాడు దాటాక, బండి ఆగిపోయిన చోటు వచ్చినప్పుడు నాన్న చేతులు మళ్ళీ తలుపు మీదికి వెళ్ళాయి. నేను కాలు ఇంకొంచెం నొక్కాను. గన్నవరం విమానాశ్రయం కంచె దగ్గర పదకొండుంబావుకు ఆగాం. విమానం లేదు. లోపల గేదెలు మేస్తున్నాయి. మాకెవరికీ లోటనిపించలేదు.

నా చేతి సంచిలో 1959 నాటి నోటుపుస్తకం ఉంది. తీసి నాన్నకిచ్చాను. ఈసారి నేను చదవాలి, ఆయన రాయాలి. కానీ ఆయన తానే ముందుకు వంగి మీటరు చూసి, "ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల ముప్పై అనుకో," అంటూ రాయబోయారు.

"అనుకోవడం కాదు నాన్నా. ముప్పై నాలుగు."

ఆయన కళ్ళజోడు పైకి తోసి మళ్ళీ చూశారు. ముప్పై నాలుగని రాసి, కింద గీత గీసి, పైదాంట్లోంచి 38,412 తీసేసి, చాలా జాగ్రత్తగా ఇరవై రెండు వేశారు. తప్పు లేదు.